అర్జునరావు కట్టని మేడ

ఆటోనగర్ వెనక ఉద్యోగుల కాలనీలో అర్జునరావు కోపం తెలియనివాళ్ళు లేరు. స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో ఎర్రటి ఇనుము పక్కన నిలబడి జీవితమంతా పనిచేసిన మనిషి. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ వేడి ఇంకా ఒంట్లోంచి దిగలేదని భార్య గౌరీశ్వరి అంటూ ఉంటుంది. పేపరు ఆలస్యమైతే కోపం, కుళాయి ముందే ఆగిపోతే కోపం, పక్కవీధి కుక్క తన గుమ్మం ముందు పడుకుంటే కోపం. అయితే అదంతా పాలపొంగే. రెండు చుక్కల నీళ్ళు పడితే చల్లారిపోతుంది. మనసులో ఏదీ దాచుకోవడం చేతకాదు కాబట్టి అతని మీద ఎవరికీ కోపం లేదు.

అలాంటివాడి చేతికి ఒకనాడు పొద్దున్నే ఇంటిపన్ను బిల్లు వచ్చింది. ఎప్పుడూ వచ్చేదానికి దాదాపు రెండింతలుంది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే గ్రౌండు ఫ్లోరు ఒక వరస, దాని కింద ఫస్టు ఫ్లోరు అని ఇంకో వరస. అర్జునరావు ఇంటికి ఒక వరండా, మూడు గదులు, పైన ఉత్త డాబా. ఆ డాబా మీద ఉన్నదల్లా నీళ్ళ ట్యాంకూ, ఎండలో గౌరీశ్వరి వడియాలూను.

“మనకి మేడేటే?” అని భార్యని అడిగాడు. ఆవిడ బిల్లు చూసి, మేడ ఉంటే చీపురు పట్టుకుని తనే తుడవాలి కదా, తనకి తెలియకుండా ఎలా ఉంటుందని అంది. అయినా అర్జునరావు మెట్లెక్కి ఒకసారి చూసి వచ్చాడు. ట్యాంకుకి ఎండ తగలకుండా తను వేసిన రేకుని ఎవడో దూరాన్నుంచి చూసి అంతస్తు కింద రాసేశాడని తేల్చుకున్నాడు. ఇక ఆగుతాడా? చొక్కా తొడుక్కుని, బిల్లు మడిచి జేబులో పెట్టుకుని వార్డు సచివాలయానికి బయల్దేరాడు. దారి పొడుగునా అక్కడ ఏమనాలో పైకే అనుకుంటూ వెళ్ళాడని టీ బడ్డీ దగ్గర చూసినవాళ్ళు చెప్పారు.

సచివాలయంలో పన్నులు చూసే అమ్మాయి పేరు రాణి. నెమ్మదస్తురాలు. అర్జునరావు బల్ల గుద్ది, ఇప్పుడే తనతో వచ్చి మేడ ఎక్కడుందో చూపిస్తే ఎక్కి గెంతేస్తానన్నాడు. ఆ అమ్మాయి ముందు కుర్చీ చూపించింది, తర్వాత మంచినీళ్ళిచ్చింది, ఆ తర్వాత బిల్లు మీద అసెస్‌మెంటు నంబరు కంప్యూటరులో కొట్టి తెర ఇటు తిప్పింది. ఇల్లు కొలవడానికి వచ్చినప్పుడు తీసిన ఫొటో అందులో ఉంది. నీలం గేటు, దాని మీద సన్నజాజి తీగ, పైన కొత్త రంగు వేసిన మేడ. మేడ మీద లుంగీ పైకి కట్టుకుని, కెమెరాకేసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఒక పెద్దమనిషి.

అర్జునరావు లేచి నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి దుర్గారావు, తన బావ.

బావ అంటే చుట్టరికమేమీ లేదు. అర్జునరావుది పద్మనాభం వైపు వరి పండించే రైతు కుటుంబం. దుర్గారావుది యారాడ, తాతా, తండ్రీ, అన్నదమ్ములూ అందరూ సముద్రం మీద బతికినవాళ్ళే. ఆ ఇంట్లోంచి పడవ వదిలి ప్లాంటులో చేరిన మొదటివాడు దుర్గారావు. మిల్లులో ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ఒకడి క్యారేజీలో చేపల పులుసు, ఇంకొకడి క్యారేజీలో గోంగూర. అవి మార్చుకుంటూ మొదలైన స్నేహం. ఒకడు మాటకి ముందు మండిపడతాడు, ఇంకొకడు నిప్పు మీద కూర్చోబెట్టినా నవ్వుతాడు. ఇద్దరూ ఇళ్ళ స్థలాల సొసైటీలో చేరితే చీట్లు తీసి స్థలాలు పంచారు. వీళ్ళకి పక్కపక్కనే వచ్చాయి. పక్కపక్కన అంటే వీపూ వీపూ ఆనుకుని అన్నమాట. ఒక స్థలానికి తూర్పున రోడ్డు, ఇంకోదానికి పడమట రోడ్డు, మధ్యన ఒకే గోడ.

ఇల్లు కట్టబోయే ముందు అర్జునరావు వాళ్ళ ఊరి పంతులుగారిని పిలుచుకొచ్చాడు. ఆయన పేర్లలో మొదటి అక్షరాలు చూసి, ఎవరికి ఏ దిక్కు పొసగుతుందో తేల్చే అర్వణం లెక్క కట్టి, తల అడ్డంగా ఊపాడు. అర్జునరావుకి తూర్పు గుమ్మమే కలిసొస్తుందట, వచ్చిందేమో పడమట స్థలం. దుర్గారావుకి పడమటి గుమ్మం కావాలట, వచ్చిందేమో తూర్పుది. పైగా ఒకరిది గరుడవర్గు, ఒకరిది సర్పవర్గు, పక్కపక్కన ఉంటే పొసగదని కూడా అన్నాడు. ఆ రెండో మాటకి ఇద్దరూ పడీపడీ నవ్వారు. మొదటి మాట మాత్రం నమ్మారు. మార్గశిర గురువారం నాడు కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళి, అమ్మవారి ఎదట తాంబూలాలు మార్చుకుని, నీది నాది, నాది నీది అనుకున్నారు. మాట అయింది, కొబ్బరికాయ కొట్టారు, ప్రసాదం తిన్నారు. ఇంకేం కావాలి? స్థలాలు మారిపోయినట్టే. కాగితాలు మాత్రం ఎవరివి వాళ్ళ బీరువాల్లోనే ఉండిపోయాయి. అమ్మవారే సాక్షిగా ఉంటే రిజిస్ట్రారు సంతకం ఎందుకన్న ఆలోచన ఆ రోజుల్లో ఆ ఇద్దరికే కాదు, వాళ్ళ పెళ్ళాలకీ రాలేదు.

ఈ సంగతి రాణికి ఏం తెలుసు? ఇంటి దస్తావేజు తెమ్మంది. అర్జునరావు ఇంటికి వెళ్ళి, పెళ్ళిపట్టు చీరల కింద ప్లాస్టిక్ కవరులో ఉన్న కాగితాలు తీసి, మధ్యాహ్నం అన్నం తినకుండానే మళ్ళీ వచ్చాడు. కొన్ననాటి నుంచీ ఆ కాగితాలు అతను చదివింది లేదు. చదవడానికి అదేమైనా వారపత్రికా? రాణి మొదటి పేజీలన్నీ దాటేసి చివర షెడ్యూలు దగ్గర ఆగింది. స్థలం ఏదో తెలియాలంటే చూడవలసింది అక్కడేనని చెప్పి, హద్దులు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివింది. తూర్పు హద్దు, దుర్గారావు గారి స్థలం. పడమర హద్దు, ముప్ఫై అడుగుల రోడ్డు.

“మీ గుమ్మం ముందు రోడ్డు ఎటుందండి?” అని అడిగింది.

“తూర్పు” అన్నాడు అర్జునరావు. అన్నాక, ఆ మాట తన చెవులకే ఎక్కడో దూరంగా వినపడింది.

తర్వాత ఆ అమ్మాయి చెప్పిందంతా అతనికి బాగానే అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండునని అనిపించింది. పన్ను వేసేటప్పుడు ఇద్దరూ ఎవరి దస్తావేజులు వాళ్ళు చూపించారు. అందువల్ల పడమటి ఇంటికి అర్జునరావు పేరు, తూర్పు ఇంటికి దుర్గారావు పేరు రాసుకున్నారు. బిల్లు పంచేవాడు పేరు చూసి, ఆ పేరుగల మనిషి చేతిలో పెట్టిపోయేవాడు. బిల్లు మీద డోరు నంబరు చూసేదెవరు? పేరు చూస్తారు, కట్టవలసింది చూస్తారు, తిట్టుకుంటూ కడతారు. రెండిళ్ళూ ఒకే కొలత కాబట్టి పన్నూ ఒకటే వచ్చేది. ఇన్నాళ్ళూ ఒకడి ఇంటిపన్ను ఇంకొకడు కడుతూ వచ్చారన్నమాట. దుర్గారావు మేడ కట్టుకునేసరికి ఆ మేడ పన్ను తిన్నగా అర్జునరావు జేబులోకి వచ్చి కూర్చుంది.

పన్ను సంగతి ఎలాగైనా సరిదిద్దవచ్చు, అది పెద్ద పని కాదంది రాణి. పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇల్లు ఎవరిదో తేలదనీ, అది తేలేది దస్తావేజుల్లోనే అనీ, ఓసారి ఈసీ కూడా తీయించి చూసుకోమనీ సలహా ఇచ్చింది. ఈసీ అంటే స్థలం జాతకం లాంటిది, ఎప్పుడు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో అందులో ఉంటుంది. అర్జునరావు మీసేవలో రెండు స్థలాలకీ తీయించాడు. జాతకాలు రెండూ ఒకే మాట చెప్పాయి. దుర్గారావు ఉంటున్న మేడ అర్జునరావుది. అర్జునరావు ఉంటున్న ఇల్లు దుర్గారావుది.

ఇక్కడే అర్జునరావు ఒక తెలివితక్కువ పని చేశాడు. దారిలో టీ బడ్డీ దగ్గర స్థలాల బ్రోకరు కామరాజు కనిపిస్తే, మావాడొకడున్నాడంటూ కథంతా వేరేవాడి మీద పెట్టి సలహా అడిగాడు. కామరాజు ఏమైనా నిన్న పుట్టాడా? గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి, “మేడ మీదే గురూగారూ. అటువేపు రోడ్డు పెద్దదవుతాదంతన్నారు. మీరేటీ మాటాడకండి, ఊరుకోండి సాలు” అన్నాడు. అర్జునరావు అక్కడ పెట్టిన కేకకి బడ్డీవాడు పాలగిన్నె దించేశాడు. టీ తాగకుండానే ఇంటికి వచ్చేశాడు. కేక అయితే పెట్టాడు గానీ, కామరాజు అన్న మాట ఇంటిదాకా వెంటే వచ్చింది.

గౌరీశ్వరి అంతా విని, ముందు నవ్వింది. ఇన్నేళ్ళూ పరాయి కొంపలో వడియాలు పెడుతున్నానన్నమాట అంది. ఆ తర్వాత మొగుడి మొహం చూసి నవ్వు ఆపేసింది.

“కామరాజు నోట్లో నువ్వుగింజ నానదు. ఆడు సెప్పీలోగా మీరే ఎల్లి సెప్పీయండి” అంది.

అసలు చిక్కంతా అదే. కామరాజు నోటి వెంట వింటే బావ ఏమనుకుంటాడు? అర్జునరావు గుట్టుగా ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాలు తీయించాడని, మేడ మీద కన్నేశాడని అనుకోడూ? పోనీ తనే చెబుదామంటే, రిటైరైనప్పుడు చేతికొచ్చినదంతా ఆ మేడకే పోసినవాడు. అది నీది కాదయ్యా అంటే ఆ రాత్రి నిద్ర పడుతుందా? రేపు మనం లేనినాడు వాళ్ళబ్బాయి బాబీ, మన అమ్మాయి అనూరాధ ఈ కాగితాలు పట్టుకుని కోర్టు మెట్లెక్కితే? ఇద్దరూ ఒకే వరండాలో కలిసి పెరిగిన పిల్లలు. అర్జునరావుకి నిజంగా భయం వేసింది. కోపం వచ్చినంత తొందరగా అతనికి భయం రాదు. వచ్చాక ఎలా వదిలించుకోవాలో అలవాటు లేదు.

సాయంత్రం వెళ్ళాడు. దుర్గారావు మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలో యారాడ కొండకేసి తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆ కొండకి అవతలే అతని ఊరు. సముద్రం కనిపించదు గానీ కొండ కనిపిస్తే చాలంటాడు. అర్జునరావుని చూసి ఇంకో కుర్చీ లాగాడు. పిట్టగోడ మీద చెయ్యి వేసి, ఈ గోడకి ఇటికిటికీ తనే నీళ్ళు కొట్టానని, అంతకు ముందు ఎన్నోసార్లు చెప్పిందే మళ్ళీ చెప్పాడు. అది విన్నాక అర్జునరావు చెప్పడానికి వచ్చిన మాట పక్కన పెట్టేశాడు. బెండకాయల ధర గురించి కాసేపు మాట్లాడి దిగివచ్చాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి కొండ మీద మేఘాల గురించి మాట్లాడి వచ్చాడు. ఆ పై రోజు వంజరం పులుసు పెడితే తినేసి వచ్చాడు. ఎప్పుడూ అరిచే మనిషి ఇలా మెత్తగా తిరుగుతుంటే దుర్గారావు కూడా అనుమానపడి, ఒంట్లో బాగులేదా అని గౌరీశ్వరిని అడిగాడట.

ఇక లాభం లేదనుకుని అర్జునరావు గాజువాకలో దస్తావేజులు రాసే శ్రీరామ్మూర్తి దగ్గరికి వెళ్ళాడు. జరిగింది చెప్పి, అన్నీ అక్కడ పెట్టి, ఎవరి చోటు వాళ్ళకి వచ్చేలా రాయమన్నాడు. దాన్ని పరస్పర మార్పిడి దస్తావేజు అంటారని, ఇద్దరూ ఇష్టపడి వచ్చి సంతకాలు చేసి రిజిస్ట్రీ చేయించుకుంటే చిక్కు విడిపోతుందని శ్రీరామ్మూర్తి చెప్పాడు. కాగితం ముందే సిద్ధమైతే చెప్పడం తేలికవుతుందని అర్జునరావు లెక్క. నీ ఇల్లు నీది కాదు అని ఊరుకోవడం వేరు, కాదు గానీ ఇదిగో అయిపోతోంది అనడం వేరు కదా. బావ దస్తావేజు నకలు కావలసి వస్తే, పన్ను ఆఫీసువాళ్ళు అడుగుతున్నారని బొంకి తెచ్చుకున్నాడు. దుర్గారావు ఎందుకని కూడా అడగకుండా అసలు కాగితమే చేతిలో పెట్టి పంపాడు.

అన్నీ కుదిరాక ఒక పొద్దున్న, చిన్న సంతకం ఒకటుంది రమ్మని దుర్గారావుని స్కూటరు ఎక్కించుకుని గాజువాక తీసుకెళ్ళాడు. శ్రీరామ్మూర్తి అచ్చు వేసిన కాగితాలు బల్ల మీద పరిచి, ఇద్దరినీ పూర్తిగా చదువుకుని సంతకాలు పెట్టమన్నాడు. దుర్గారావు పెన్ను తీసుకుని, “ఎక్కడెట్టాలి బావా?” అన్నాడు. వేలు చూపించేలోపలే పేజీ పేజీకీ పెట్టుకుంటూ పోయాడు.

అర్జునరావుకి ఇన్నాళ్ళూ దాచుకున్న కోపమంతా ఒక్కసారి పొంగింది. “సదవకుండా సంతకం ఎట్టెస్తావేటి? నీ ఇల్లు ఎవుడైనా రాయించీసుకుంటే?” అని అరిచాడు. ఆ ఊపులోనే, ఎన్నో సాయంత్రాలు గొంతు దాటని మాట కూడా బయటికి వచ్చేసింది. మేడ కాగితాల్లో తన పేరున ఉందని, ఇన్నేళ్ళూ అలాగే ఉందని, ఆనాడు తాంబూలాలు మార్చుకున్నారే గాని కాగితాలు మార్చుకోలేదని మొత్తం చెప్పేశాడు. చెప్పేసి, బావ మొహం చూడలేక బల్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

“తెలుసు బావా” అన్నాడు దుర్గారావు.

శ్రీరామ్మూర్తి కూడా తలెత్తి చూశాడు. మేడ కట్టడానికి లోను కోసం వెళ్ళినప్పుడే బ్యాంకు లాయరు ఈసీ తీయించి, స్థలం నీ పేర లేదు, అర్జునరావని ఎవరిదో పేరుంది, లోను రాదని తేల్చి చెప్పాడట. అందుకే రిటైరైన డబ్బు తీసి కట్టుకున్నాడట. అదంతా దుర్గారావు నిన్నటి వాన సంగతి చెప్పినట్టు చెప్పాడు. పన్ను విషయం ఒక్కటే అతనికి కొత్త. అది వినగానే మాత్రం పెన్ను కింద పెట్టేశాడు.

“అయితే నా మేడకి పన్ను నువ్వు కడతన్నావేటి? ఓరి నాయనోయ్. అది నాకు తట్టనేదు సుమీ” అన్నాడు. ఆ సొమ్ము ఇప్పుడే ఇచ్చేస్తానని జేబు తడుముకోబోతే అర్జునరావు చెయ్యి పట్టుకుని ఆపాడు. అతనికి పన్ను మీద ధ్యాస లేదు. తెలిసి మరీ తనకి ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“ఎలా సెప్పనూ? సెప్తే నిన్ను అనుమానించినట్టుంటాది గదా” అన్నాడు దుర్గారావు.

“తెలిసుండి, ఉన్నదంతా పోసి, ఇంకోడి పేరున్న సోట మేడ కట్టీసేవా? నీకు బుర్రుందేటి?”

“ఇంకోడి పేరైతే ఎందుకు కడతాను? నీ పేరు గదా బావా.”

బావ నిద్ర చెడిపోతుందని అర్జునరావు ఇన్ని రోజులూ తన నిద్ర పాడుచేసుకున్నాడు. బావేమో కాగితాల మీద తనది కాని మేడలో, తనది కాదని తెలిసి కూడా, కట్టిన నాటి నుంచీ గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. తిట్టడానికి అర్జునరావు నోరు తెరిచాడు గానీ, ఎంత వెతికినా ఒక్క తిట్టూ దొరకలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి.

శ్రీరామ్మూర్తి గొంతు సవరించుకుని, రెండో వారి సంతకాలు మిగిలాయండి, ఒకసారి చదువుకుని పెట్టండి అన్నాడు. అర్జునరావు పెన్ను తీసుకుని, చదవకుండానే అన్ని పేజీల మీదా సంతకాలు పెట్టేశాడు.